నాలుగింటి చల్లదనం

నాలుగయ్యేసరికి ఆమె కుట్టుమిషను ఆపేసి, ఒళ్ళో పడ్డ దారపు ముక్కలు దులుపుకుని, గోడకి చేరగిలబడి కూర్చునేది. బడి వదిలే వేళ అది. గేటు చప్పుడు కాకుండానే చల్లదనం లోపలికొచ్చి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, నేరుగా ఆమె ఒళ్ళోకి ఎక్కేది.

అది వాళ్ళమ్మాయే. ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. పోయిన మరుసటి వారం నుంచీ ఇలా వస్తోంది. ఇంట్లో ఎవరికీ అదో వింతగా తోచలేదు. అత్తగారైతే ఎండలు ముదిరినప్పుడు, "కాసేపు ఇటు కూడా రావే, ఫ్యానున్నా లేనట్టే ఉంది," అని బతిమాలేది. పిల్ల వెళ్ళి ఆవిడ వీపుకి కాసేపు ఆనుకుని, మళ్ళీ తల్లి దగ్గరికే చేరేది.

మొదట్లో అరచేతుల మీదే దద్దుర్లు లేచాయి. పిల్ల ఒళ్ళో ఉన్నంతసేపూ ఏమీ ఉండేది కాదు. లేచి వెళ్ళాక, ఒళ్ళు మళ్ళీ వెచ్చబడేటప్పుడు దురద పుట్టి, తాకిన చోటల్లా ఎర్రగా పొంగేది. గంటకల్లా తగ్గిపోయేది. ఆమె తన బట్టలకి పొడుగు చేతులు కుట్టుకుంది.

"ఏంటీ కొత్త ఫ్యాషను?" అన్నాడు గడియారాలు బాగుచేసే ఆమె భర్త.

"నా మిషను, నా ఇష్టం," అంది.

ఏడాది తిరిగేసరికి పిల్ల తాకని చోట కూడా, నడుం మీదా తొడల మీదా, దద్దుర్లు మొదలయ్యాయి. ఒకరోజు పెదవులు వాచి మాట ముద్దగా వచ్చేసరికి, భర్త ఆమెని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ ఆమె ముంజేతి మీద మంచుముక్క ఐదు నిమిషాలుంచి తీసింది. కాసేపటికి అక్కడ రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది.

"మీకు చలి పడదు. కొందరికిది వంశంలో వస్తుంది. వాళ్ళకి చలి తగిలిన కొన్ని గంటలకి, జ్వరంతో బయటపడుతుంది. మీది అలాంటిది కాదు, మధ్యలో పట్టుకుంది. మాత్రలిస్తాను. కానీ ఒళ్ళంతా ఒక్కసారిగా చల్లబడితే గొంతు మూసుకుపోవచ్చు. చల్లగా ఉండేది ఏదైనా సరే, దూరం పెట్టండి."

"మా అమ్మాయండీ," అన్నాడు భర్త.

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. "ఎన్నేళ్ళు?"

"ఆరు."

ఆవిడ చీటీ మీద మాత్రల పేరు రాసింది. "అయినా సరే," అంది మెల్లగా.

దారిలో భర్త, "దానికి చెప్పాలి," అన్నాడు.

"ఏమని? అమ్మకి నువ్వు పడవనా?"

అతను మళ్ళీ ఆ మాటెత్తలేదు.

మాత్రలు మింగుతూ, ఒళ్ళో రెండు దుప్పట్లు పరుచుకుని ఆమె నెల్లాళ్ళు నెట్టుకొచ్చింది. ఈలోగా చలికాలం వచ్చిపడింది. ఒక సాయంత్రం పిల్ల దుప్పట్ల మీద కుదురు దొరక్క, లేచి తల్లి మెడ చుట్టూ చేతులు వేసేసింది. ఆమెకి విడిపించుకోబుద్ధి కాలేదు. పిల్ల వదిలిన కాసేపటికి గొంతు బిగుసుకుని, ఆమె మిషను మీదికి ఒరిగిపోయింది. అత్తగారి కేకలకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆస్పత్రిలో చేర్చారు.

మూడో రోజు ఇంటికొచ్చింది. నాలుగింటికి చల్లదనం వచ్చింది గానీ, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నీ తప్పు కాదమ్మా. నా ఒళ్ళే నిన్ను ఓర్చుకోలేకపోతోంది," అంది ఆమె, ఇంకా బొంగురుగానే ఉన్న గొంతుతో. దుప్పటి మెడదాకా లాక్కుంది. "ఇంక రాకు, తల్లీ."

అంటూనే తెలియకుండా చేతులు చాపింది. గుమ్మం దగ్గరున్నది అప్పటికే మామూలు గాలి.

ఆ రోజు భర్త ఆలస్యంగా వచ్చాడు. చెప్పులు విడిచి గుమ్మంలోనే ఆగాడు.

"వీధి మలుపులో నా చెయ్యి పట్టుకుంది. బస్టాపు దాటేదాకా వెళ్ళి దింపి వచ్చాను."

"ఏమైనా అడిగిందా?"

"అడగలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు కాసేపు."

"ఏ చెయ్యి?"

అతను కుడిచెయ్యి చాపబోయి, అదింకా చల్లగానే ఉండటంతో వెనక్కి తీసుకున్నాడు.