వాలని అక్షరాలు

మా చర్చిలో ప్రార్థన చదవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక వాక్యం మా పాస్టరు హెబ్రోను అయ్యగారు చదువుతారు, తర్వాతిది మేమంతా చెప్పాలి. ఎవరిది ఏ వాక్యమో తెలియక తడబడతారని వారానికొకరు ముందు నిలబడి జవాబు అందిస్తారు. ఈ వారం వంతు నాది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. బడిలో హాజరు పిలిస్తేనే నా గొంతు నాకు వినపడదు.

నా డైరీలో ఇతరులు అన్న మాటలను వాల్చి రాస్తాను, నావి నిటారుగా ఉంటాయి. అది చూసుకుంటుంటే ఉపాయం తట్టింది. ఎలాగూ అందరూ ఫోన్లలోనే చర్చి పేజీ తెరిచి చదువుతున్నారు. మా వాక్యాలు వాలి ఉంటే ముందు ఎవరూ నిలబడనక్కర్లేదు కదా! అమ్మ చేత అయ్యగారికి చెప్పించాను.

"బాగుందే! అట్టా కుదిరితే ఎవురూ నిలబడే పన్లా" అన్నారాయన.

ఆ పేజీ చేసింది మా పెద్దమ్మ కూతురు డెబోరా అక్క. నెల్లూరులో వెబ్‌సైట్ల పని చేస్తుంది. వచ్చినప్పుడల్లా నాకూ కొంచెం నేర్పుతుంది, ప్రతి వారం ప్రార్థనను ఆ పేజీలో టైపు చేసేది నేనే. శనివారం సముద్రం ఒడ్డునున్న మా మైపాడు వచ్చి, మా వరండాలో ల్యాప్‌టాప్ తెరిచింది.

"చూడు మే, ఇది వేరియబుల్ ఫాంటు. సన్నం, లావు, వాలు అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. పది డిగ్రీల దాకా ఎంత వాల్చమంటే అంత వాలతాది" అని ఆ పదీ పెట్టింది.

నా ఫోన్లో చూస్తే అక్షరాలు దాదాపు పడుకున్నాయి.

"అక్కా, తాగినట్టు పడిపోతుండాయే!"

"నేను పది డిగ్రీలు వాల్చినానా, ఈ ఫాంటుకి వాలడం రాదనుకొని బ్రౌజరు కూడా ఒక తోపు తోసింది. దాని సాయం ఎవురడిగినారు?"

"వాలడం వస్తాదని బ్రౌజరుకి ముందే చెప్పాలేమో కదక్కా" అన్నాను. నేను గొణిగింది అక్కకు వినపడలేదు. బ్రౌజరు సొంతంగా తోయకుండా ఆపేసి, తన పది డిగ్రీలను బ్రౌజరు చేతే ఫాంటుకి చెప్పించే పద్ధతిలో రాసి, పేజీని ఎక్కించేసరికి అమ్మ చేపల పులుసు దించింది. ఎలా వచ్చిందో చూడకుండానే అక్క ల్యాప్‌టాప్ మూసేసింది. పులుసు తిన్నాక ఆ పేజీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఆదివారం నేను హాయిగా చివరి వరసలో కూర్చున్నాను.

"వాలిన వాక్యాలు మీవి" అని చెప్పి అయ్యగారు మొదలుపెట్టారు. "పడవెక్కి పోయిన మా వాళ్ళను..."

ఎవరూ నోరు తెరవలేదు. ఫోన్ చూశాను. ఒక్క వాక్యమూ వాలి లేదు. అన్నీ నిటారుగా ఉంటే అన్నీ అయ్యగారివే అనుకున్నారు. ఆయనేమో మా కోసం ఆగారు. బయట రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు మాత్రం వినపడుతోంది.

ఎలిశబెతు అవ్వ ఫోను ముక్కుకు ఆనించుకుని చూసి, చూసి, తలెత్తింది.

"ఏందయ్యగారూ, పడవెక్కించి ఆడనే వదిలేస్తిరే? మావోడు ఉండాడు దాంట్లో!"

అందరూ గొల్లుమన్నారు. అవ్వ మాత్రం నవ్వలేదు. ఏ వాక్యం మాదో నాకు తెలుసు. టైపు చేసింది నేనే. లేచాను.

"ఒడ్డుకు చేర్చు తండ్రీ!"

అరిచానో, మామూలుగా అన్నానో తెలియదు. అవ్వ "ఆఁ, అదీ" అంది. అందరూ నా వెనుక అన్నారు. అలా, రొయ్యలకు తెగులు రాకుండా కాపాడమనే చివరి వాక్యం దాకా నేనే అందించాను.

ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అక్కను పట్టుకున్నాను.

"ఈ ఫాంటు సున్నా నుంచి పది డిగ్రీల దాకా వాలతాదని, పేజీకి దాన్ని తగిలించే చోట రాయలేదు కదక్కా? బ్రౌజరుని తోయొద్దన్నావు, ఫాంటుకి వాలడం వస్తాదని చెప్పలేదు. అందుకే అది దేన్నీ వాల్చకుండా ఊరుకునింది."

అక్క నోరు తెరిచింది. "నిన్ననే చెప్పొచ్చు కదా!"

"చెప్పినా. నీకు వినపడలా."

అక్క ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టింది. ఆ ఒక్క వరస నేనే రాశాను. మా వాక్యాలన్నీ పద్ధతిగా పది డిగ్రీలు వాలాయి.

తర్వాతి ఆదివారం ఎవరూ ముందు నిలబడలేదు. అందరూ వాలిన వాక్యాలను చక్కగా అందుకున్నారు. నేనూ గట్టిగానే చదివాను. అంతమందిలో నా గొంతు ఎవరికీ వినపడలేదు. ఎందుకో కొంచెం బాధేసింది.