‘మా’కీ ‘మన’కీ తేడా

మాది ఆడపిల్లల ప్రైవేటు బడి. ఇరవై రెండేళ్ళుగా అక్కడ భాష చెబుతున్నాను. పిల్లలు నాకు పెట్టిన పేరు ఎర్రపెన్ను. దారిన పోతూ కొట్ల బోర్డుల మీద తప్పులు కూడా దిద్దే రకాన్ని. మా ఆయన సరుకుల చీటీ రాస్తే నా కంట పడకుండా జేబులో దాచుకుంటాడు.

మా బడిలో రకరకాల జాతుల పిల్లలున్నారు. ఒక్క తొమ్మిదో తరగతి పిల్లల ఇళ్ళల్లోనే ఆరు భాషలు. వచ్చినవాళ్ళకల్లా ఆ సంగతి చెప్పి, అందర్నీ నేనే కన్నట్టు మురిసిపోతుంటాను.

వాళ్ళలో ఒక పిల్ల రెండేళ్ళ కిందట వేరే దేశం నుంచి వచ్చింది. తండ్రి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఆ పిల్ల అసలు పేరు నాకు నోరు తిరగక ‘పిచ్చుక’ అని పెట్టేశాను. నా పేరు మాత్రం ఆ పిల్ల ఇంటిపేరుతో సహా తడుముకోకుండా చెప్పేది.

మొదట్లో పిచ్చుకని ఏడిపించినవి రెండు మాటలు: మేము, మనం. వాళ్ళ భాషలో రెండింటికీ ఒకటే మాటట. తరగతి గుమ్మం దగ్గర నిలబెట్టి చూపించాను. “నాతో పాటు గదిలో ఉంటే మనం. నువ్వు వరండాలో ఉండిపోతే మేము. వినేవాళ్ళని కలుపుకుంటే ‘మన’, వదిలేస్తే ‘మా’. తెలిసిందా?” ఇంత గొప్పగా ఎవరూ చెప్పి ఉండరని స్టాఫ్‌రూములో వారం రోజులు అందరి చెవుల్లో జోరీగలా రొద పెట్టాను.

ఈసారి వార్షికోత్సవంలో స్వాగతోపన్యాసం తనే చదవాలని పిచ్చుక పట్టుపట్టింది. పేజీన్నర కంఠతా పట్టేసింది. వాళ్ళ నాన్న డ్యూటీ మార్చుకుని మరీ వస్తానన్నాడు. ఎవరు చదవాలో తేల్చేది నేనే. చదివించి చూస్తే బాగానే చదివింది గానీ ‘ళ’ దగ్గర నాలుక జారింది. ముఖ్య అతిథి ముందు నా పరువేం కాను?

పక్కకి పిలిచి, మాటల్లో తేనె ఒలకబోశాను.

“నువ్వు మీవాళ్ళ బట్టలు కట్టుకొచ్చి స్టేజీ మీద ముందు వరసలో నిలబడు తల్లీ. ఎంత ముచ్చటగా ఉంటుందో! చదవడానికేముంది, మా పిల్లల్లో ఎవరో ఒకరు చదివేస్తార్లే.”

పిచ్చుక తల దించుకుంది. ఏడుస్తుందేమోనని చేతిరుమాలు కూడా తీశాను.

“టీచర్, ‘మా పిల్లల్లో’ అన్నారు. నేను ఇక్కడే ఉన్నాను కదా. ‘మన’ రావాలేమో?”

వెటకారం కాదు. నిజంగానే డౌటు. చేతిలో నోటుబుక్కు తెరిచి ఉంది.

“అదీ... ఒక్కోసారి అలా కూడా అంటారమ్మా,” అని నసిగాను. తప్పు ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు.

పిల్ల బుద్ధిగా రాసుకుంది. తొంగి చూశాను. “టీచర్ ‘మా పిల్లలు’ అంటే అందులో నేను ఉండను.”

అక్షరదోషం ఒక్కటి లేదు. దిద్దడానికి నా చెయ్యి రాలేదు.

మర్నాడు బడి తెరవకముందే వచ్చి పిచ్చుక కోసం గేటు దగ్గర కాపు కాశాను. కనబడగానే, “నువ్వే చదువుతున్నావే! మీ నాన్నకి చెప్పు, తప్పకుండా రమ్మను,” అన్నాను. పెద్ద వరమిచ్చినదానిలా నిలబడ్డాను కూడా.

“చదవట్లేదని నాన్నకి నిన్నే చెప్పేశాను టీచర్. ఆ రోజు డ్యూటీకి ఒప్పేసుకున్నారు,” అంది. గొంతులో కోపం లేదు. అదే ఉంటే బాగుండేది. “మీ పిల్లల్లో ఎవరితోనైనా చదివించండి.”

“తప్పు నాదే తల్లీ, నువ్వు నా దగ్గరున్నప్పుడు అలా అనకూడదు,” అన్నాను, గేటు దగ్గర అందరూ వింటుండగా. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఫర్వాలేదు టీచర్, ఒక్కోసారి అలా కూడా అంటారు కదా,” అని నన్నే ఓదార్చి, బెల్లు కొట్టగానే క్లాసుకి వెళ్ళిపోయింది.