కుదరదన్న మాట

బయల్దేరే నాటికి సైదా చేతిలో ఉన్నది ఒక్క మాట. తమ ఊరి దగ్గరి గవర్నమెంటు ఆసుపత్రిలో పనిచేసే డాక్టరమ్మ శ్రీదివ్య అన్న మాట అది.

"గుంటూరులో పిల్లల డాక్టర్ల సదస్సు ఉంది సైదా గారూ. మన సిద్దికా గురించి నేను మాట్లాడతాను. పాపను తీసుకురండి. పెద్దవాళ్ళందరూ చూస్తారు."

ఆ మాటను సైదా రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. పర్చూరు చుట్టుపక్కల కల్లాల వెంట తిరిగి తాలుకాయలు కొనే వ్యాపారి అతను. ఎండలో రంగు పోయి తెల్లబారిన మిరపకాయల్ని రైతులు ఏరి పక్కన పోస్తారు. వాటిని కొని, కొనేవాణ్ణి వెతికి పట్టుకుని అమ్మడంలోనే అతని జుట్టు నెరిసింది. అలాంటి మనిషికి, రెండు వందల మంది డాక్టర్లు ఒకే చోట కూర్చుంటారంటే అర్థమైంది ఒక్కటే. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరి గుమ్మం ముందు నిలబడి బతిమాలాడు. ఇప్పుడు అందరూ ఒకే కప్పు కింద దొరుకుతున్నారు. అంతమందిలో ఒక్కడైనా ఒప్పుకోకపోడు.

సిద్దికా అతని మనవరాలు, కొడుకు ముబీన్ కూతురు. ఏడేళ్ళ పిల్ల. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. పెదాలు ఎప్పుడూ నేరేడుపండు తిన్నట్టు ఉంటాయి. గడిచిన ఏడాదిలో ముగ్గురు డాక్టర్లు చూసి, ముగ్గురూ "ఆపరేషన్ కుదరదండీ" అన్నారు. సైదా ఆ మాటకు బెదరలేదు. అతనెరిగిన లోకంలో బేరం మొదలయ్యేదే ఆ మాటతో. రైతు కుదరదంటాడు, కమీషన్ వ్యాపారి కుదరదంటాడు, లారీవాడు కుదరదంటాడు. కుదరదన్నవాడు ఇంకా ఎదుటే నిలబడి ఉన్నాడంటే కుదురుతుందనే లెక్క. అందుకే ముగ్గురి దగ్గరికీ మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. శ్రీదివ్య కూడా నెమ్మదిగా, రెండు మూడు సార్లు, అదే చెప్పింది. ఆమె చెప్పినప్పుడల్లా సైదా తలూపి, "సరేనమ్మా, ఎవరో ఒకరు దొరుకుతారులే" అనేవాడు.

ముబీన్‌ని కల్లంలో కాయలకు కాపలా ఉంచి, కోడలు షహనాజ్‌నీ పిల్లనీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే కాయలు కుక్కిన గోతాలు, తోలుతున్న ఆదెయ్య తన వ్యాన్‌లో ఎక్కించుకున్నాడు. ఇద్దరికీ చిన్నప్పటి స్నేహం.

"ఏరా సైదా, పిల్లని డాక్టర్లకి చూపిస్తన్నావా, డాక్టర్లని పిల్లకి చూపిస్తన్నావా?"

"రెండొందల మంది ఉంటారంటరా. ఎవుడో ఒకడు ఒప్పుకోకేం చేస్తాడు?"

"రెండొందల మందే!" తల్లి ఒళ్ళోంచి లేచింది సిద్దికా. "అందరూ సూదులేస్తారా తాతా?"

"వేస్తారంట. నీ వీపు చాలదని మీ తాత వీపు కూడా తెస్తన్నాడు," అన్నాడు ఆదెయ్య.

పిల్ల నవ్వింది. నవ్వు మధ్యలో ఆయాసం వచ్చి తల్లి భుజం మీద వాలిపోయింది. ఆదెయ్య బండి వేగం తగ్గించాడు.

"ఒరేయ్, అంతమంది ఒక్క చోట చేరితే ఎవుడూ ముందు నోరు తెరవడురా. ఒకడి మొహం ఒకడు చూసుకుంటా కూచుంటారు. యార్డులో చూళ్ళా?"

"నోర్మూసుకుని బండి తోలు. ఆళ్ళు చదువుకున్నోళ్ళు."

సదస్సు జరిగే హాలు పెళ్ళిళ్ళు చేసేది. గుమ్మం మీద 'శిశు ఆరోగ్యం – అసమానతలు' అని నీలం బట్ట కట్టారు. లోపల ఏసీకి షహనాజ్ కొంగు పిల్ల చుట్టూ కప్పింది. శ్రీదివ్య ఎదురొచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టి, ముగ్గురికీ బిస్కెట్లు తెప్పించింది. ఆమె కూడా కొంచెం కంగారుగానే ఉంది.

"నేను మాట్లాడాక ప్రేమ్‌చంద్ సార్ పాపను పరీక్ష చేస్తారు. పిల్లల గుండెల విషయంలో ఈ జిల్లాల్లో ఆయన మాటే ఆఖరి మాట. ఆయన ఏమంటారో విందాం సైదా గారూ."

ఆఖరి మాట చెప్పగల మనిషి దొరికాడు. సైదా చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

ఇద్దరు ముగ్గురు మాట్లాడాక శ్రీదివ్య వంతు వచ్చింది. తెర మీద రెండు ఫొటోలు పడ్డాయి. ఒకటి క్రికెట్ బ్యాటు పట్టుకున్న పిల్లాడిది, రెండోది సిద్దికాది. ఎవరో గుర్తు తెలియకుండా ఇద్దరి కళ్ళ మీదా నల్లటి పట్టీ వేశారు.

"అమ్మా, నా కళ్ళకి ఆ నల్లగీతేంది?" గట్టిగా అడిగింది సిద్దికా.

"దిష్టి తగలకుండా పెట్టార్లేవే. మాట్లాడమాక," అంది షహనాజ్. అంత పెద్ద తెర మీద కూతురి మొహం చూసి ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

శ్రీదివ్య సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెబుతోంది. ఇద్దరు పిల్లలూ ఒకే ఏడాది పుట్టారు. ఇద్దరికీ గుండెలో ఒకే చోట, ఒకే సైజులో రంధ్రం. ఇద్దరికీ ఆరో నెలలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఇద్దరికీ ఆ రోజు జ్వరం వచ్చింది. తగ్గాక రమ్మని ఇద్దరినీ పంపించేశారు.

"బాబు ఇల్లు ఆసుపత్రికి రెండు వీధుల అవతల. వాళ్ళకు తెలిసిన నర్సు రోజూ ఫోన్ చేసి కనుక్కుంది. వారం తిరక్కుండా వచ్చాడు, ఆపరేషన్ అయింది. పాప ఆరేళ్ళ తర్వాత వచ్చింది. ఈ మధ్యలో ఏం జరిగింది?"

ఏం జరిగిందో సైదాకు తెలుసు. జ్వరం తగ్గడానికి నెల పట్టింది. అప్పటికి మిరప కోతలు మొదలయ్యాయి. ఇవాళ రేపంటూ ఏడాది దాటేసరికి పిల్లే తేరుకుంది. రాత్రంతా దగ్గే పిల్ల దగ్గడం మానేసింది, పాలు తాగింది, బుగ్గలు వచ్చాయి. రెండో ఏడు నిండాక దర్గా దగ్గర మేకను కోసి కందూరు చేశారు. ఊళ్ళో సగం మంది తిన్నారు. కత్తి పెట్టకుండానే గండం గడిచిందని ఆ రోజు విస్తళ్ళ మధ్య తిరుగుతూ అందరికీ చెప్పుకున్నాడు.

"ఏడాది దాటాక పాపకు దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది," అంటోంది శ్రీదివ్య. "ఇంట్లోవాళ్ళు నయమైందనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు అప్పుడే గట్టిపడడం మొదలైంది. లోపలికి వెళ్ళే రక్తం తగ్గింది కాబట్టి దగ్గు తగ్గింది. బాగుపడినట్టు కనిపించిన ఆ నెలల్లోనే పాప చేయి దాటిపోయింది. వెళ్ళి చూసి చెప్పేవాళ్ళు ఒక్కరుంటే..."

తెర మీద ఎర్ర గీత ఒకటి పైకి లేచి, ఒక చోటు దాటాక గోడలా నిలబడింది.

షహనాజ్ అతని మోచేయి తట్టింది. "ఏం చెప్తంది మామా?"

"ఉండమ్మా. ఇంకా అయిపోలా."

వెనక వరసల్లోంచి ఒకాయన లేచి ఏదో అంకె అడిగాడు. మరొకావిడ, ఇలాంటి పిల్లలు ఏ మండలాల్లో ఎక్కువని అడిగింది. మైకు దగ్గర కూర్చున్న పెద్దాయన "ఎక్సలెంట్ కేస్" అన్నాడు. ఆ ముక్క సైదాకు తెలుసు. నచ్చిందన్నమాట. ఇక ఎవరో ఒకరు, నా దగ్గరికి తీసుకురండి అంటారని మెడ తిప్పి వరస వరసా చూశాడు. యార్డులో టిక్కీ కోసి గుప్పెడు కాయలు తీసి, విరిచి, వాసన చూసినవాడు ఎంతో కొంత అనకుండా కదలడు. ఇక్కడ అందరూ చప్పట్లు కొట్టారు. సిద్దికా కూడా కొట్టింది. ఆ తర్వాత కుర్చీలు జరిగాయి, అందరూ భోజనాలకు లేచారు.

ప్రేమ్‌చంద్ మాత్రం అన్నం దగ్గరికి వెళ్ళలేదు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే పక్క గదిలో పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి చాలాసేపు పరీక్ష చేశాడు. గుండె విన్నాడు, ఉబ్బిన వేళ్ళ కొసలు చూశాడు, కాగితాలన్నీ మొదట్నుంచీ తిరగేశాడు. తొందర లేని మనిషి.

"నడిచేటప్పుడు మధ్యలో కూర్చుండిపోతుందామ్మా?"

"అవునండీ. బడికి పోయేటప్పుడు నాలుగు చోట్ల కూచుంటది. ఒకటే బద్ధకం. టీచరు తిడతది, నేనూ వీపు మీద రెండు ఇస్తా," అంది షహనాజ్.

"బద్ధకం కాదమ్మా అది. ఊపిరి చాలక." ఆయన పిల్ల తల నిమిరి, సైదా వైపు తిరిగాడు. షహనాజ్ పిల్లను తీసుకుని అన్నాల దగ్గరికి వెళ్ళేదాకా ఆగాడు.

"ఆపరేషన్ కుదరదండీ."

సైదా సిద్ధంగానే ఉన్నాడు. "తమరు అట్లా అనగూడదు సారూ. విజయవాడ అయినా, హైదరాబాద్ అయినా, తమరు పేరు చెప్పండి, నేను ఎత్తుకుపోతా. వైద్యానికి గవర్నమెంటు కార్డు ఉంది. కార్డు చాలకపోతే ఇల్లు ఉంది."

"ఎక్కడైనా ఇదే మాట."

"పోనీ కొంచెం కష్టమే అనుకోండి. కష్టానికి ఒప్పుకునే డాక్టరు ఒకరుంటారు గదా సారూ. నా దగ్గర దాపరికం ఎందుకు?"

"నేను మీతో బేరమాడడం లేదండీ." ఆయన గొంతులో విసుగు లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది సైదాకు. "ఇప్పుడు ఆ పిల్ల బతికి ఉన్నదే ఆ రంధ్రం వల్ల. ఊపిరితిత్తుల వైపు దారి బిగుసుకుపోయింది. రక్తం ఆ రంధ్రంలోంచి మళ్ళి పోతోంది. దాన్ని మూస్తే గుండె ఆ బరువు తట్టుకోలేదు, బల్ల మీదే పోతుంది. చేస్తామన్నవాళ్ళు ఎవరైనా దొరికితే వాళ్ళ దగ్గరికి అసలు తీసుకెళ్ళకండి. గుండే ఊపిరితిత్తులూ కలిపి మార్చే వైద్యం ఒకటుంది గానీ, ఇంత చిన్నపిల్లకు మన వైపు అందేది కాదు. ఒక మాత్ర రాస్తాను, ఆయాసం కొంచెం తగ్గుతుంది. పరుగులు పెట్టించకండి. నీళ్ళు బాగా తాగనివ్వండి."

"ఎన్నాళ్ళు సారూ?"

"చెప్పలేను. కొందరు పెద్దవాళ్ళవుతారు. ఈ పాపకు ఒత్తిడి బాగా ఎక్కువగా ఉంది."

సైదా ఆయన మొహం చూశాడు. ముప్పై నలభై ఏళ్ళుగా మొహాలు చదివి బతికాడు. ఎదుటివాడు కుదరదంటున్నప్పుడు కంటి కొసన ఎక్కడో దాచుకున్న అంకె ఒకటి అతనికి కనిపించేది. ఈయన కళ్ళలో అలాంటిదేమీ లేదు. ముందు చెప్పిన ముగ్గురి కళ్ళలోనూ లేదని ఇప్పుడు గుర్తుకు తెచ్చుకుంటే తెలిసింది. కనిపించిందనుకున్నది తాను పెట్టుకున్నదే.

ఎవరో వచ్చి, తర్వాతి ప్రసంగానికి వేళయిందని ప్రేమ్‌చంద్‌ను పిలిచారు. ఆయన సైదా చేయి రెండు చేతుల్తో పట్టుకుని వదిలి, అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

శ్రీదివ్య అంతసేపూ ఆ గదిలోనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"మీకు ముందే చెప్పాను కదా సైదా గారూ."

"చెప్పావమ్మా. నా చెవులే సంతలో పెరిగినయ్."

"నాక్కూడా లోపల చిన్న ఆశ ఉంది. సార్ ఇంకోలా అంటారేమోనని." కళ్ళు తుడుచుకుంది. "పాపను చూసినవాళ్ళు మర్చిపోరు. తిప్పి పంపిన పిల్లల వెంట ఎవరో ఒకరు వెళ్ళాలని ఇవాళ తీర్మానం రాస్తున్నారు. వచ్చే ఏడు ఇంకో పాప ఆలస్యం కాకముందే వస్తుంది."

"ఆ పాపది ఏ ఊరమ్మా?"

ఆమెను బాధపెట్టాలని అతను అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. సిద్దికాకు పోయిన ఆయుష్షు ఎవరికో వస్తుందంటే, ఆ ఎవరో ఒక మనిషై ఉండాలి కదా.

సైదా బయటికొచ్చాడు. షహనాజ్ మెట్ల మీద కూర్చుని పిల్లకు పెరుగన్నం తినిపిస్తోంది. అతన్ని చూడగానే మొహం విప్పార్చుకుంది.

"ఎప్పుడంట మామా?"

ఇన్నేళ్ళలో అతను ఎన్నో అబద్ధాలు అమ్మాడు. తడి కాయను ఎండు కాయన్నాడు, నిరుటి కాయను ఈ ఏటిదన్నాడు. ఒక నెలో రెండు నెలలో చెల్లే అబద్ధం ఇప్పుడు కూడా నోటి దాకా వచ్చింది. కానీ ఆ అబద్ధం చెప్తే ఆమె ఇంకో డాక్టర్ని వెతుకుతుంది. అడిగినదానికల్లా సరేననే డాక్టర్ని వెతుకుతుంది. అలాంటివాడు దొరికినా దొరుకుతాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఎప్పుడూ లేదు. మూస్తే పోద్దంట. ఇట్లాగే చూసుకోవాలంట, ఉన్నన్నాళ్ళు."

షహనాజ్ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పెట్టమ్మా," అని సిద్దికా నోరు తెరిచింది.

పెట్టింది. ఇంకో ముద్ద కలిపింది. అదీ పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యాక చేయి కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

"నిన్న గూడా కొట్టా మామా," అంది. "చెరువుకట్ట మీద కూచుంటే, లే అని కొట్టా."

సిద్దికా చేతులు తన భుజాలకు అందేలా సైదా కిందికి వంగి కూర్చున్నాడు. పిల్ల వీపెక్కింది. అనుకున్నంత బరువు కూడా లేదు. ఆదెయ్య వ్యాన్ ఉండే యార్డు వైపు పెద్దవాళ్ళిద్దరూ నడిచారు. పిల్ల అతని చెవి దగ్గర, తెర మీద తన మొహం ఎంత పెద్దగా ఉందో, ఎంతమంది చప్పట్లు కొట్టారో చెబుతోంది.

నడుస్తూనే అతను లెక్క తేల్చుకున్నాడు. పోయినదంటూ ఇవాళ కొత్తగా ఏమీ పోలేదు. ఎప్పుడో, ఊరంతా కూర్చుని కందూరు తిన్న నాటికే పోయింది. అది ఇవాళ తెలిసింది. రాబడి కింద ఒక మాత్ర పేరు వచ్చింది. ఇకనుంచి పిల్ల దారిలో కూర్చుండిపోతే ఎవరూ లెమ్మని కసరరు, ఎత్తుకుంటారు. మొత్తం మీద మిగిలింది అంతే.