ఐదో గీత

తెర లాగి గది చీకటి చేసి, దేవేంద్ర మైక్రోస్కోపు మీది నల్లగుడ్డ తీశాడు. భార్య అమరావతి తన పాత చీర చింపి కుట్టిచ్చిన గుడ్డ. ఆమె పోయినా అంచు కుట్టు ఊడలేదు. లెన్సు తుడిచి నీలిలైటు వేసి, అది కుదురుకునేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పుంగనూరు నుంచి తొలి బస్సులో మదనపల్లెకు వచ్చి, ఈ క్షయ ల్యాబులో రోజూ మొదట చేసే పని ఇదే.

చీపురు పట్టుకుని కుప్పమ్మ తొంగిచూసింది. "పొద్దన్నే ఎలక కోసం కాసుకున్న పిల్లి మాదిర కూసున్నావేం సార్?"

"ఎలకైతే కనపడును కదమ్మా," అని నవ్వాడు. తన మాటకి తనే ఉలిక్కిపడ్డాడు.

తోటి టెక్నీషియన్ జాహ్నవి మైక్రోస్కోపును సరిచూసే పరీక్ష స్లైడు తెచ్చి అమర్చింది. అందులో ఐదు పచ్చటి గీతలు వెలుగుతాయి. ఎడమ చివరిది కాంతిగా, కుడివైపుకు పోనుపోను మసకగా. ఐదో గీత కనపడితేనే ఆ రోజు కఫంలో క్రిములు కనపడతాయని నమ్మకం. ఏడాదిగా దేవేంద్రకు ఆ గీత కనపడటంలేదు. ఈమధ్య సరిగ్గా చూడటమే మానేశాడు. చూస్తే, కనపడటంలేదని తెలిసిపోతుంది.

"ఎన్ని అగపడతాండాయి సార్?"

"ఐదూ ఉండాయమ్మా. ఎడమపక్కది మెరస్తాండాది, కుడిపక్కది సన్నంగా ఉండాది."

దేవేంద్ర స్లైడు తీయబోతే, ఎప్పుడూ ఎడమచేతికి తగిలే చీటీ కుడిచేతికి తగిలింది. స్లైడు తిరగబడి ఉంది, మెరిసే గీత ఉన్నది కుడివైపు.

"తొందర్లో నేనే తిప్పి పెట్టేసినా సార్," అంది ఆమె, తప్పంతా తనదే అయినట్టు.

దేవేంద్ర చెవులు కాలిపోయాయి. "నిన్న ఆ క్వారీ మల్లప్ప కఫం స్లైడుకి నేనేం చెప్తి?"

"క్రిములు లేవంటిరి."

"నువ్వు మళ్లా సూసినావా?"

"ఉండాయి సార్. ఫోన్ చేసినా, కుప్పం నుంచి వస్తాండాడు." ఆమె తలొంచుకుంది. "ఎండాకాలం నుంచి మీవన్నీ మళ్లా సూస్తాండా. మీకు చెప్పేదానికి నోరు రాలా."

రోజూ సాయంత్రం బస్సుకి పరిగెత్తుతూ, ఇంకా స్లైడ్ల ముందు కూర్చున్న ఆమెను 'నత్తమ్మా' అని ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

"ఎండాకాలానికి ముందువి?"

"అవి నేను సూడలా సార్."

దేవేంద్ర పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి, పాత స్లైడ్లన్నీ మళ్లీ చూడాలనీ, తానిక ఆ కుర్చీలో కూర్చోననీ చెప్పి వచ్చాడు. మధ్యాహ్నం మల్లప్ప బెంచీ మీద దగ్గుతూ కనిపించాడు. బట్టల మీద క్వారీ రాతిదుమ్ము ఇంకా ఉంది.

"మళ్లా రమ్మంటిరంట. మిషన్ చెడిపోయిందా సార్?"

"మిషన్ బాగుండాదప్పా. నా కండ్లే బాగలేవు. తప్పు నాది."

మల్లప్ప బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. "కూసో సార్."

అతని పేరు పిలిచేదాకా కూర్చుని, దేవేంద్ర క్యారియరు తీసుకుని బస్టాండువైపు నడిచాడు. చీకటి గదిలో స్టూలు మీద నల్లగుడ్డ ఉండిపోయింది. దాని అంచున నల్లదారపు కుట్టు, కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది.