ఉప్పు మేసిన మడి

అన్యాయం ఎవరికి జరిగింది? వదినకు. ఎలా జరిగింది? వంటింటి వెనుక, చూరు కింద ఆమె వాము, కొత్తిమీర, నిమ్మగడ్డి పెంచుకున్న మడిలో మరిది బస్తాడు రాళ్లుప్పు కుమ్మరించి నీళ్లు పోశాడు. ఆమె పుదీనా తన గులాబీ పాదుల్లోకి పాకివచ్చిందని అతని అభియోగం. తన పుదీనా ఏనాడూ ఇనుప తొట్టి దాటలేదని ఆమె చెప్పింది. అతను తొట్టి వైపు కన్నెత్తి చూడలేదు. తగవు తీర్చవలసిన భర్త, ఆకుల కోసం అన్నదమ్ములను విడదీస్తావా అని ఆమెనే కసిరాడు.

ఆ భర్త పోయాడు. మరిది భార్యా పోయింది. ఒకే పెరట్లోకి తెరుచుకునే రెండు గుమ్మాల వెనుక ఒక్కొక్కరే మిగిలారు. ఆమె కషాయం కాచుకుంటే అతనికి వాసన తెలిసేది. అతను దగ్గితే ఆమెకు వినిపించేది. పలకరింపు మాత్రం లేదు. వాన తగలని ఆ చూరు కింది నేల తెల్లగా పొక్కులెత్తి ఉండిపోయింది. ఆమె కిటికీలో డబ్బాలు పెట్టి నాలుగు మొక్కలు బతికించుకుంది. జ్వరమొస్తే తనే ఆకు తుంచుకుని, తనే నుదురు తాకి చూసుకునేది. ఒంటరి జ్వరానికి ఒక సుఖముంది: ఎంత మూలిగినా ఎవరి నిద్రా చెడదు.

వంట నేర్చుకోక తప్పని మరిది కొనితెచ్చిన పుదీనా ఆకులు గిల్లుకుని, భార్య చేసినట్టే, కాడలను గులాబీల మొదట్లో పారేసేవాడు. వానలకు ఆ కాడలు చిగిర్చాయి. అతను వాటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే పలుగు, పారతో ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

“వదినా, ఆ పుదీనా మా ఇంటిదే. మీ చెల్లెలు పారేసిన కాడలే మొలిచాయి. నన్ను క్షమించండి.”

ఈ మాట వినవలసినవాడు గోడ మీద పటంలో ఉన్నాడు. ఆమె అటు చూసి, ఇటు తిరిగింది.

“క్షమాపణలో కొత్తిమీర మొలుస్తుందా? నా మన్ను నాకియ్యి.”

“ఎంత లోతు తవ్వమంటారు?”

“ఉప్పు ఎంత లోతు దిగిందో అంత.”

అతను మోకాటి లోతు తవ్వాడు. ఆమె చిటికెడు మన్ను నాలుక కొనకు తాకించుకుని, ఇంకా తవ్వమంది. కొత్త మట్టి తోలిస్తానని అతనంటే ఒప్పుకోలేదు.

“పరాయి మట్టి నాకెందుకు? దేన్ని కాపాడుకోవాలని నా మడిని చంపావో, దాని కిందిది తెచ్చి పొయ్యి.”

మరిది గులాబీ పాదుల వైపు నడిచాడు. ఒక్కొక్క గులాబీనీ పెకలించాడు. ముళ్లు గీరి మోచేతులు ఎర్రబడ్డాయి. గెలుపు ఇంత చల్లగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

సాయంత్రానికి మడి గట్టు దాకా నిండింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో అదిమి చూసింది. ఒక మూల కుంగింది. వేలితో చూపించింది. అతను ఇంకో తట్ట మోసుకొచ్చి అక్కడ పోశాడు. ఆమె మళ్లీ అదిమింది. ఈసారి మట్టి కుంగలేదు.

“చెల్లింది మరిదీ,” అంది వదిన.