నిమ్మచెట్టు పాదు

అక్క పెరట్లో చివరికి మిగిలింది ఒక్క నిమ్మచెట్టు. రెండేళ్ల ఎండకి తక్కినవన్నీ పోయాయి. నాలుగు రోజులకోసారి వచ్చే కుళాయి నీళ్లు మనుషులకే చాలవు, చెట్లకెవరు పోస్తారు? బావది ఒకటే పాట: వానాకాలం దాకా చూస్తాను, ఇదీ ఎండిపోతే పెరడంతా సిమెంటు చేయించేస్తాను అని. ఆ మాట ఎత్తినప్పుడల్లా అక్క లేచి లోపలికి వెళ్లిపోయేది.

నేను ప్లంబర్ని. పాతికేళ్లుగా వాడిన నీళ్లని ఇళ్లలోంచి బయటికి సాగనంపడమే నా బతుకు. వాటినే చెట్టుకి పంపితే సరిపోదూ అన్నాను. స్నానాల గది నుంచి, బట్టల మిషను నుంచి, డాబా మీది వాననీటి గొట్టం నుంచి పైపులు తెచ్చి పాదులో కలిపాను. పాదు లోతుగా తవ్వి, నాలుగు వైపులా వాలు చెట్టు మొదలుకే వచ్చేలా తాపీతో దిద్దాను. చుక్క పక్కకి పోతే ఒట్టు.

నెల తిరిగేసరికి ఆకులు పండుబారి రాలడం మొదలైంది. నాకు ఒళ్లు మండింది. నా పనికి వంకేమిటి? సబ్బు పొడి వల్లేనని తేల్చేసి, ఆ ఘాటుకి చెట్టేం బతుకుతుందని అక్క మీద గయ్యిమన్నాను. అక్క మర్నాటి నుంచే మిషను కట్టేసి, ఘాటు లేని సబ్బుబిళ్లతో చేత్తోనే ఉతకసాగింది. వైద్యం చెట్టుకి, పథ్యం నీకా అని బావ ఎగతాళి చేశాడు. అయినా ఆకులు రాలుతూనే ఉన్నాయి.

తొలివాన తెల్లవారుజామున పడింది. గొట్టం ఎలా పారుతోందో చూద్దామని హుషారుగా వెళ్లాను. అక్క కుచ్చిళ్లు ఎగదోపుకుని, తడుస్తూ, పాదులోంచి చెంబుతో నీళ్లు తోడి కొమ్మల చివర కింద పోస్తోంది. అదేమిటని అడిగితే రోజూ పొద్దున్నే చేసేదేనని, ఇవాళ కాస్త ఎక్కువ నీళ్లు వచ్చాయని చెప్పింది. మొదలు దగ్గర బెరడుని వేలితో నొక్కి చూపించింది. వేలు దిగబడింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. బాత్రూం నేల వాలు నీళ్లు పోయే జాలీ వైపుకి పెట్టినట్టే పాదునీ దిద్దాను. చెట్టు తాగేది దూరంగా, వేళ్ల చివర్లతో. మొదలు రోజూ నీళ్లలో నానితే కుళ్లుతుంది. ఆ బంకమట్టిలో నీళ్లు ఇంకలేదు కూడా.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అక్కా?"

"చెప్తే కోపంలో పైపులన్నీ పీకేస్తావురా. అప్పుడా నీళ్లు కూడా ఉండవు. తోడుకుంటే చెట్టన్నా దక్కుతుందనుకున్నాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చెంబు లాక్కుని, పలుగూ పారా తెచ్చి, మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోశాను. కొమ్మల చివర కింద గుండ్రంగా కొత్త కాలవ తవ్వడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా బావ గొడుగేసుకుని వచ్చాడు. వానాకాలం వచ్చేసింది, తాపీమేస్త్రిని రేపు రమ్మంటున్నానన్నాడు. అక్క నేల చూపులు చూసింది.

"చెట్టుని పాడుచేసింది నేను బావా. సబ్బూ కాదు, అక్కా కాదు. ఒక్క ఏడాది ఆగు."

పాతికేళ్లలో నా పనిలో తప్పుందని నేను ఎవరితోనూ అనలేదు. బావ నా వంక చూశాడు, తడిసి ముద్దయిన అక్క వంక చూశాడు. సరే, ఏడాదేనన్నాడు. గొడుగు అక్క చేతిలో పెట్టి లోపలికి వెళ్లాడు.

తప్పు నాదన్న ఆ మాట ముందే నా నోట వచ్చుంటే అక్క నడుము అన్ని పొద్దులు వంగేది కాదు.