పోలమ్మ విసురు

నేను ఫ్రిస్బీ ఆటలో విసురుకునే ఒక ప్లాస్టిక్ డిస్క్‌ని. బరువు నూట డెబ్బై అయిదు గ్రాములు. కరిగిన ముద్దని అచ్చులో పోసి, ఊపిరాడకుండా నొక్కి నన్ను గుండ్రంగా తయారు చేశారు. పుట్టుకే అంత మొరటుగా జరిగినదాన్ని, ఆపై దెబ్బలకి బెదురుతానా? మనుషులు మనుషుల్ని కొట్టడం చూశాకే నాకు భయమంటే ఏమిటో తెలిసింది.

నన్ను కొన్న సుభాషిణి మేడమ్ విశాఖ దగ్గరి ఒక జాలరిపేటలో ఆటల టీచరు. ఆవిడ శిష్యురాలు పోలమ్మకి పద్దెనిమిదేళ్లు. ఆదివారం జరిగే జిల్లా జట్టు ఎంపికలో నెగ్గితే ఆ పిల్లకి హాస్టల్లో చోటు దొరుకుతుంది, అన్న ఎల్లాజీ దెబ్బలు తప్పుతాయి. తాగొచ్చాడంటే అతగాడికి చెల్లెలి వీపు తప్ప ఇంకేమీ కనిపించదు.

నేర్చుకోవాల్సింది ఒక్కటే విసురు. బొటనవేలు నా మీద, మిగతా వేళ్లు అంచు లోపల ఉండాలి. చెయ్యి పొట్ట దగ్గర్నుంచి అడ్డంగా వచ్చి, చివర్లో మణికట్టు చటుక్కున ఆగాలి. పోలమ్మేమో తండ్రి నేర్పిన విసురువల అలవాటు కొద్దీ నడుం మెలితిప్పి, భుజం ఎత్తి వదిలేది. నేను వంకరగా లేచి ఎక్కడపడితే అక్కడ కూలేదాన్ని. బుధవారం మేడమ్ కనుబొమ్మనే చీల్చేశాను. కంట్లోకి కారుతున్న రక్తాన్ని కొంగుతో అద్దుకుంటూ ఆవిడ మెల్లగా చెప్పింది.

"వల పట్టుకోడానికి విసురుతారు పోలమ్మా. దీన్ని అవతలి మనిషికి అందించడానికి విసరాలి."

శనివారం సాయంత్రం ఎల్లాజీ పడవ తెడ్డు పట్టుకుని, మేం సాధన చేసే ఇసకలోకి దిగాడు. ఆడపిల్ల నలుగురి ముందు గెంతుతోందని అతని కడుపుమంట. మొదటి దెబ్బకి పోలమ్మ మోకాలు పట్టుకుని కూలబడింది. రెండో దెబ్బ అడ్డం వచ్చిన మేడమ్ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మూడోసారి తెడ్డు మేడమ్ తలకి గురిపెట్టి లేచింది.

పోలమ్మ కూర్చున్నచోటి నుంచే నన్ను విసిరింది. భుజం లేవలేదు. మణికట్టు సరిగ్గా ఆగింది. ఆ పిల్ల చేతిలోంచి నేను తిన్నగా ఎగరడం అదే మొదటిసారి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఎల్లాజీ ముక్కు దూలం అప్పడంలా విరిగింది.

ఇప్పుడు నేను పోలీస్ స్టేషన్లో, ఒంటిమీద చీటీతో, ఒక బీరువాలో ఉన్నాను. ఇంత చిన్న పళ్లెం ముక్కు ఎలా విరగ్గొట్టిందని ఎస్సై నన్ను తిప్పి తిప్పి చూశాడు. తెడ్డు ఎక్కడుందని మాత్రం ఎవరినీ అడగలేదు.

వాచిన మోకాలితో పోలమ్మ ఆదివారం ఎంపికకి వెళ్లలేకపోయింది. సోమవారం తననీ మేడమ్‌నీ స్టేషన్‌కి పిలిచారు. చేతికి కట్టుతో వచ్చిన మేడమ్, ఎంపిక పోతే పోయిందిలే, మీ అన్న ఇంక నీ జోలికి రాడని ఓదార్చింది.

"రాడు మేడమ్. నాను కంచం ఎత్తినా మొకానికి సేతులడ్డెట్టుకుంటన్నాడు," అంది పోలమ్మ. "ఇన్నాళ్లూ నాను అలాగే ఎట్టుకునేదాన్ని."

నవ్వుతుందనుకున్నాను. బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.